బొమ్మ మీద మనకున్న మోజు ఎదుటివాళ్ళకు లేనప్పుడు ఏం చెయ్యాలి?

విభాగం: కొండపల్లి పద్ధతి – ఇంట్లో బొమ్మలు చేసేవాళ్ళ చర్చ (విజయవాడ, గుంటూరు)

ఉలి_చప్పుడు (పటమట)

ఈ విభాగంలో ఎప్పుడూ చెక్క, జిగురు, రంగుల మీద ప్రశ్నలే నడుస్తుంటాయి. ఇది కాస్త పక్క విషయం, కానీ ఇక్కడున్న అందరికీ ఎదురయ్యేదే. ఉద్యోగాలు చేసుకుంటూ సరదాగా బొమ్మలు చేసేవాళ్ళు ఒక్క అంబారీ ఏనుగు కోసం ఆదివారాలన్నీ ధారపోస్తారు. చూపిస్తే "బాగుందండీ" అని ఒక్క మాట వస్తుంది, అంతే. ఎవరికైనా ఇస్తే బీరువా మీదికి చేరుతుంది. ఇంట్లోవాళ్ళకి పొట్టు ఊడ్చుకోవడంతోనే సరిపోతుంది. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. తెలిసినా మనసు చివుక్కుమంటుంది. దీన్ని ఎలా సర్దుకోవాలో పనికొచ్చే సంగతులు చెప్పండి. ఎలా చూపించాలి, ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి?

పొణికి (ఇబ్రహీంపట్నం)

ముందు ఇంట్లోవాళ్ళ సంగతి తేల్చుకోవాలండీ, ఎందుకంటే అక్కడ మనం ఆసక్తి లేకపోవడం అనుకునేది చాలాసార్లు అది కాదు. వాళ్ళకి బొమ్మతో పేచీ లేదు. దుమ్ముతో, వాసనతో, చప్పుడుతో ఉంది. ఆ మూడూ మన చేతిలో ఉన్నవే.

కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి చాలా తేలిక చెక్క కాబట్టి దాని పొడి కూడా తేలిపోతుంది. శాండ్‌పేపరుతో మొదలుపెడితే ఆ పొడి హాల్లో సోఫా దాకా వెళ్తుంది. ముందు ఆకురాయితో వీలైనంత రూపు తెచ్చుకోండి. ఆకురాయి పొట్టు కాస్త పెద్దగా ఉండి కిందనే పడుతుంది. ఆ తర్వాత 120 నంబరు శాండ్‌పేపరు, చివర్లో 220. శాండ్‌పేపరు పట్టేటప్పుడు కింద తడిపి పిండిన పాత దుప్పటి పరవండి, ముక్కుకి మాస్కు కట్టండి, ఫ్యాను ఆపండి. పని అయ్యాక దుప్పటిని నాలుగు మూలలా ఎత్తి బయట దులపండి. శుభ్రమైన పొట్టు కావాలంటే ఆకురాయి పని దగ్గరే వేరుగా ఒక పళ్ళెంలో పట్టుకోండి. టీ జల్లెడలో జల్లిస్తే మక్కుకి (పొట్టు, జిగురు కలిపి అతుకుల దగ్గర పట్టించే ముద్ద) పనికొస్తుంది.

వాసనలో రెండు రకాలున్నాయి. ఎనామిల్, టర్పెంటైన్ వాసన ఒకటి. మూసిన ఫ్లాట్‌లో అది తలనొప్పి తెప్పిస్తుంది, అక్కడ అక్రిలిక్ వాడితే గొడవే లేదు. ఎనామిలే కావాలంటే కిటికీలు తీసి ఉంచగలిగే రోజు చూసుకుని, ఇంట్లో ముందుగా చెప్పి వెయ్యండి. రెండోది పులిసిన చింతగింజల జిగురు. మన వేసవిలో రెండో రోజుకే కంపు కొడుతుంది. ఆ పూటకి కావలసినంతే కాచుకోండి. మిగిలితే పారబొయ్యండి, ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెట్టకండి.

చప్పుడు సంగతి. బాడిసతో (చిన్న గొడ్డలి లాంటి చెక్క పనిముట్టు) చెక్కేటప్పుడు ఆ దెబ్బ నేల గుండా కింది ఫ్లాట్‌కి దిగుతుంది. మొద్దు కింద నాలుగు మడతల గోనెసంచి, దాని కింద పాత రబ్బరు చాప వెయ్యండి. చీకటి పడ్డాక బాడిస ముట్టుకోకండి, ఆకురాయి పని చేసుకోండి.

ఇవి సర్దుకున్నాక కూడా ఇంట్లోవాళ్ళు బొమ్మని తిప్పి చూడకపోతే, అప్పుడు దాన్ని అభిరుచిలో తేడా అనుకోవచ్చు. అప్పటిదాకా ఆ మాట అనే హక్కు మనకి లేదు.

బ్రాడీపేట_కుంచె (గుంటూరు)

పొణికి గారి మాటకి కొనసాగింపుగా, చూపించే తీరు గురించి.

ఒకసారికి ఒక్క బొమ్మ చాలు. అది కూడా బల్ల మీద పెట్టి వేలితో చూపించడం కాదు, చేతికి ఇవ్వండి. ఈ చెక్క ఎంత తేలికో చేతిలోకి తీసుకుంటే తప్ప తెలియదు. ఎవరైనా మొదట ఆశ్చర్యపడేది అక్కడే. ఇచ్చాక మాట్లాడకండి. అతుకులు ఎలా దాచామో, కన్ను ఎన్నిసార్లు తుడిచి వేశామో చెప్పాలని నోరు దురద పెడుతుంది, ఆపుకోండి. వాళ్ళు తిప్పి చూసి ఏదైనా అడిగితే ఆ అడిగినదానికే జవాబు చెప్పండి. అడగకుండా తిరిగి ఇచ్చేస్తే తీసుకుని, వాళ్ళ అబ్బాయి చదువు గురించో ఊరి గురించో మాట మార్చండి. రెండు నిమిషాల్లో అయిపోవాలి.

"ఎలా ఉంది?" అని అడగడం మానెయ్యండి. ఆ ప్రశ్నకి మర్యాద తెలిసిన మనిషి ఇవ్వగలిగే జవాబు ఒక్కటే, "బాగుంది". ఆ మాట మనమే అనిపించి, ఆ తర్వాత అందులో ఉత్సాహం లేదని నొచ్చుకోవడం అన్యాయం. నిజంగా అభిప్రాయం కావాలంటే పని తెలిసినవాళ్ళని పట్టుకుని విడిగా అడగండి. ఏనుగు ముందు కాలి అతుకు దగ్గర గీత కనిపిస్తోందా? రెండు కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయా? మావటి కూర్చున్న తీరులో బరువు ఉందా, గాలిలో తేలుతున్నాడా? వీటికి జవాబు చెప్పగలిగేవాళ్ళు మన ఎరికలో నలుగురైదుగురే ఉంటారు. మెప్పు కోసమైనా, తిట్టు కోసమైనా వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. పక్కింటి మేనేజరు గారి దగ్గర ఆ పని పెట్టకూడదు.

కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇదే. పూర్తయిన బొమ్మ ఫొటో ఒకటి, పొద్దుటి వెలుతురులో, వెనక సాదా గోడ ఉండేలా. చెక్క ముక్క నుంచి వరసగా పద్నాలుగు ఫొటోలు పెడితే ఎవరూ చూడరు. మీదట మనం పెట్టేది ఏదైనా తెరవకుండా జరుపుతారు. ఎంతమంది బొటనవేలు చూపారో లెక్కపెట్టుకోవద్దు.

ఇంకొక్క మాట. మీ బావగారు క్రికెట్ స్కోర్ల గురించి చెబుతుంటే, పైఅంతస్తు ఆవిడ మేడమీద పెంచే గులాబీల గురించి చెబుతుంటే మీరు ఎంతసేపు మనసుపెట్టి వింటున్నారో ఒకసారి చూసుకోండి. వాళ్ళ మోజు కూడా మనదంత నిజమైనదే. మనం వాళ్ళకి ఇచ్చినంత చెవే వాళ్ళు మనకి ఇస్తున్నారు. అంతకన్నా ఎక్కువ కావాలంటే ముందు మనం ఎక్కువ ఇవ్వాలి.

ఉలి_చప్పుడు (పటమట)

చివరి మాట సూటిగా తగిలింది, కుంచె గారూ. ధన్యవాదాలు.

సంక్రాంతికి బొమ్మల కొలువులో సొంతంగా చేసినవే పెట్టాలని ఆలోచన. పేరంటానికి వచ్చేవాళ్ళు ఎలాగూ చూస్తారు కదా అని. దాని గురించి సత్యనారాయణపురం పిన్నిగారు ఏమంటారు?

సత్యనారాయణపురం_పిన్ని

పెట్టండి నాయనా, తప్పకుండా పెట్టండి. కాకపోతే కొలువుని మీ బొమ్మల ప్రదర్శనగా మార్చొద్దు. పేరంటాళ్ళు ఆ సాయంత్రం నాలుగైదు ఇళ్ళు తిరగాలి. చంటిపిల్లలకి భోగిపళ్ళు ఉంటాయి, ఇంటికెళ్ళి వంట ఉంటుంది. మీ ఇంట్లో వాళ్ళు నిలబడేది పది నిమిషాలు. అందులో పాట, పసుపు కుంకుమ, తాంబూలం, శనగలు పోగా కొలువు చూసేది రెండు మూడు నిమిషాలే. ఆ కాసేపూ వాళ్ళ కంటికి ఏది ఆనుతుందో అది పెట్టాలి, మనం ఎక్కువ కష్టపడినది కాదు.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. ఫ్లాట్‌లో మూడు మెట్లు చాలు. ఒక్కో మెట్టు ఎత్తు 9 అంగుళాలు, వెడల్పు ఒక అడుగు. పై మెట్టు మీద కలశం, దేవుళ్ళు. నడిమి మెట్టు మీద దశావతారాలు, ఎడం నుంచి కుడికి మత్స్యంతో మొదలుపెట్టి వరసగా. కింది మెట్టు మీద, దాని ముందు నేల మీద పల్లె సెట్టు: ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కేవాడు, బావి దగ్గర ఆడవాళ్ళు, చిలకలు. వచ్చినవాళ్ళందరి కళ్ళూ నేల మీది పల్లె దగ్గరే ఆగుతాయి. కాబట్టి మీరు చేసినవాటిలో బాగా కుదిరినవి అక్కడ పెట్టండి. మీ అంబారీ ఏనుగు పై మెట్టు మీద ఉంటే ఎవరికీ ఆనదు.

తెల్ల గుడ్డ పరవొద్దు. సున్నం పూత ఉన్న బొమ్మల మొహాలు అందులో కలిసిపోతాయి. ముదురు ఆకుపచ్చ, మెరూన్ సాదా గుడ్డలు బాగుంటాయి. జరీ అంచు చీర పరిస్తే చూపంతా అంచు మీదికే పోతుంది. దీపం కుందులు బొమ్మలకి దూరంగా, విడిగా పీట మీద ఉండాలి. ఎనామిల్ పూసిన చెక్క, గుడ్డ, దీపం దగ్గర దగ్గరగా ఉంటే ప్రమాదం.

పిల్లలు ముట్టుకుంటారు. ముట్టుకోవద్దు అని అరిచే కొలువు ఇంటికి మళ్ళీ రారు. ఒక మూల చిన్న పీట వేసి గట్టి బొమ్మలు నాలుగు, సన్నని తొండాలు, చేతులు లేనివి, పెట్టండి. "ఇవి మీకు" అని చెప్పండి. మిగతా వాటి జోలికి రారు.

ఎవరైనా "ఇవి ఎక్కడ కొన్నారండీ?" అంటే "ఇంట్లో చేసినవే" అని చెప్పి ఆగండి. ఇంకా అడిగేవాళ్ళ కోసం ఒక సగం చెక్కిన బొమ్మని లోపల గదిలో ఉంచండి. అడిగినప్పుడే బయటికి తేవాలి. అడగనివాళ్ళకి తాంబూలం ఇచ్చి నవ్వుతూ సాగనంపండి. వాళ్ళు మీ ఇంటికి పండక్కి వచ్చారు.

కొత్తపేట_కొయ్య (గుంటూరు)

పిన్నిగారూ, ముదురు గుడ్డ మాట నిజం. మేజా లైటు నేరుగా ముందునుంచి కాకుండా పక్కనుంచి, కాస్త కిందనుంచి వేస్తే చెక్కిన మడతలు తేలి కనిపిస్తాయి. 7 వాట్ల పసుపు వెలుతురు బల్బు చాలు.

బహుమతుల మాట ఎవరూ ఎత్తలేదు. అసలు గొడవ అక్కడే ఎక్కువ.

పొణికి (ఇబ్రహీంపట్నం)

బహుమతి గురించి నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. అడగని మనిషికి పెద్ద బొమ్మ ఇవ్వడమంటే మన మోజుకి వాళ్ళ ఇంట్లో జాగా అడగడమే. గృహప్రవేశానికి అడుగున్నర ఏనుగు ఇస్తే వాళ్ళ షోకేసులో పట్టదు, అమ్మలేరు, పారెయ్యలేరు. మనం మళ్ళీ వస్తామని తెలిసి, వచ్చే ముందు బీరువా మీదనుంచి దించి దుమ్ము తుడిచి పెట్టాలి. ఇంత శ్రమ వాళ్ళకి ఎందుకు?

3, 4 అంగుళాలు మించకుండా ఇవ్వండి. చిలక, ఎడ్లబండి, తాడిచెట్టు లాంటివి ఎక్కడైనా ఇముడుతాయి. దేవుడి బొమ్మ మాత్రం వాళ్ళు నోరు తెరిచి అడిగితే తప్ప ఇవ్వకండి. దేవుడి బొమ్మకి చెయ్యి విరిగిందనుకోండి, ఇంట్లో ఉంచుకోవడానికి సంకోచం, బయట పెట్టడానికి భయం. కృష్ణలో వదలాలా, గుళ్ళో చెట్టు కింద పెట్టాలా అని పెద్ద చర్చ జరుగుతుంది. చిలక ముక్కు ఊడితే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

వీలైతే మూడు బొమ్మలు చూపించి ఒకటి ఎంచుకోమనండి. "ఏదీ వద్దులెండి" అనే అవకాశం కూడా వాళ్ళకి ఉండాలి. ఇచ్చేటప్పుడు ఒక్కసారే చెప్పండి, నచ్చకపోతే ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని. తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ బొమ్మ ఎక్కడుందో కళ్ళతో వెతకకండి. వాళ్ళు గమనిస్తారు.

కట్టేటప్పుడు జాగ్రత్తలు. ఎనామిల్ పైకి ఒక్క రోజులో ఆరినట్టు కనిపిస్తుంది, లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. ఆ వారంలోపు న్యూస్‌పేపరులో చుడితే అక్షరాలు బొమ్మ వీపు మీద అచ్చుపడతాయి. పాత నూలు గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టొద్దు. వానాకాలంలో చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. పసిపిల్లలున్న ఇంటికైతే చిన్న విడి భాగాలున్నవి అసలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

మక్కు_మాస్టారు (మొగల్రాజపురం)

అపార్ట్‌మెంట్లలో సెలవుల్లో పిల్లలకి నేర్పేవాళ్ళ కోసం రెండు మాటలు. ఈ నిరాశ అక్కడ ఇంకా ఎక్కువ. చెక్కడం నేర్పుదామని ఉత్సాహంగా వెళ్తాం. వచ్చిన పన్నెండు మందికీ రంగులే కావాలి. అది పిల్లల లోపం కాదు. ఎనిమిదేళ్ళ చేతికి రంగు వెంటనే ఫలితం ఇస్తుంది, చెక్క ఇవ్వదు. దాన్ని ఒప్పుకుని తరగతిని అలాగే కట్టుకోండి.

చెక్కి, మక్కు పట్టించి, తెల్ల పూత వేసి ఎండిన 4 అంగుళాల చిలకలు మనిషికొకటి, పైన రెండు అదనంగా తీసుకెళ్ళండి. సున్నం పూత వేసినవైతే కనీసం పది రోజుల ముందు వేసినవై ఉండాలి. తడి సున్నం చేతులకి, కళ్ళకి మంట, పిల్లల ముందు ఆ పనే పెట్టుకోవద్దు. సుద్దపొడి, ఫెవికాల్ పూత పిల్లల తరగతికి మేలు. అయిదు రంగులు చాలు: పసుపు, ఎరుపు, నీలం, తెలుపు, నలుపు. ఆకుపచ్చ వాళ్ళనే కలుపుకోనివ్వండి, ఆ కలపడమే వాళ్ళకి పండగ. ముందు ఒళ్ళంతా ఆకుపచ్చ, పావుగంట ఆరనిచ్చి ఎర్ర ముక్కు, మెడకి పసుపు గీత, చివర్లో కన్ను. కన్ను కుంచెతో వేస్తే చెదురుతుంది, అగ్గిపుల్ల వెనక కొసని నల్ల రంగులో ముంచి చుక్క పెట్టమనండి. మొత్తం గంటలో అయిపోవాలి. గంట దాటితే సగంమంది కిటికీ దగ్గర ఉంటారు.

చిలక నీలంగా వేసినా, ఊదాగా వేసినా దిద్దకండి. కొండపల్లి చిలక అలా ఉండదు అనే పాఠం ఆ రోజుకి అక్కర్లేదు.

ఎక్కడో ఒక పిల్ల "ఈ ముక్కు విడిగా అతికించారా అంకుల్?" అని అడుగుతుంది. ఆ పిల్లకి ఒక పొణికి ముక్క, చిన్న ఆకురాయి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. ఉలి మొదటి రోజు ఇవ్వొద్దు. ఎవరూ అడగకపోయినా ఆ తరగతి వృథా కాదు, పన్నెండు చిలకలు పన్నెండు ఇళ్ళకి వెళ్ళాయి.

అమరావతి_రోడ్డు (గుంటూరు)

అందరూ చెప్పినవి మంచి మాటలే. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. చూపించకండి, చెప్పకండి, అడిగితేనే మాట్లాడండి అంటే ఈ కళ సంగతి ఏమిటి? కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అయినా మన పక్కన ఉన్న విజయవాడలోనే ఏటికొప్పాక బొమ్మకీ దీనికీ తేడా తెలియనివాళ్ళు ఎంతోమంది. ఒకటి అంకుడు కర్రని చర్ఖం (లేత్) మీద తిప్పి లక్క పట్టించేది, ఇంకొకటి పొణికిని చేత్తో చెక్కి ముక్కలు అతికి రంగు వేసేది. పొణికి చెట్లు కొండల మీద తగ్గిపోతున్నాయని కళాకారులే చెబుతున్నారు. ఇష్టమున్న నాలుగు నోళ్ళు కూడా మూసుకుంటే రేపు అడిగేవాడెవడు? అణకువ పేరుతో మనం చల్లగా తప్పుకుంటున్నామేమో ఆలోచించండి. ఎదుటివాళ్ళకి ఆసక్తి లేకపోతే కలిగించాలి, అది మన పని.

బ్రాడీపేట_కుంచె (గుంటూరు)

మీ బాధ అర్థమవుతుంది. కానీ రెండు పనులు కలిపేస్తున్నారు. కళ గురించి చెప్పడం వేరు, నా బొమ్మని మెచ్చుకోమని కూర్చోబెట్టడం వేరు. చాలాసార్లు మొదటిదాని పేరు చెప్పి మనం రెండోది చేస్తాం. పరీక్ష సులువు. మాట్లాడేటప్పుడు చేతిలో మీ బొమ్మ కాకుండా కొండపల్లిలో కళాకారులుండే బొమ్మల కాలనీలో కొన్న బొమ్మ పెట్టుకుని అంతే ఉత్సాహంగా చెప్పగలిగితే అది కళ కోసం. లేదంటే మన కోసం.

పొణికి (ఇబ్రహీంపట్నం)

అమరావతి రోడ్డు గారూ, కళ నిలబడేది తరతరాలుగా దాని మీద బతికే కుటుంబాల దగ్గర బొమ్మలు అమ్ముడుపోతేనే. మనం సరదాకి చేసేవాళ్ళం. ఆసక్తి ఉన్న మిత్రుణ్ణి ఒక ఆదివారం కొండపల్లి తీసుకెళ్ళడం మన ఉపన్యాసం కన్నా మేలు. విజయవాడ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. ఖిల్లా చూసి దిగి వస్తూ కాలనీలో ఆగొచ్చు. వాళ్ళకి నచ్చింది వాళ్ళే కొనుక్కుంటారు. ఏమీ కొనకపోయినా అడగొద్దు.

అక్కడికి వెళ్ళినప్పుడు కూడా మనం ఇదే అణకువతో ఉండాలి, ఈ మాట చెప్పకపోతే చర్చ పూర్తి కాదు. మనలో చాలామంది ఫోన్ తీసి "ఇది నేను చేశానండీ" అని కళాకారుడికి చూపిస్తారు. ఆయన పొద్దుటినుంచీ పనిలో ఉంటాడు. దసరా, సంక్రాంతి ముందు నెలల్లో ఆర్డర్లు మీద పడి ఉంటాయి. ఆయనకి అది అభిరుచి కాదు, రోజు కూలి. చూసి "బాగుంది సార్" అని మళ్ళీ కుంచె అందుకుంటే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మీ ఆఫీసుకి ఎవరో వచ్చి, సరదాగా మీ పనే ఇంట్లో చేస్తున్నానని చూపిస్తే మీరూ అంతే కదా.

కొత్త నమూనా చేయించాలనుకునేవాళ్ళు మాటలతో వర్ణించకండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, బొమ్మ ఎంత సైజో అంతే సైజులో కాగితం మీద గీసి తీసుకెళ్ళండి. రంగులు పక్కన రాయండి. అడ్వాన్సు ఇవ్వండి. మొదటి బొమ్మకి మామూలు ధర అడగొద్దు. కొత్తదానికి ఏ ముక్క ఎక్కడ విడదీయాలి, ఏ అతుకు ఎటు దాచాలి అని మొదటినుంచీ తేల్చుకోవాలి. అదే సమయంలో ఆయన అలవాటైన ఎడ్లబండ్లు ఎన్నో దించగలడు. "ఇప్పుడు కుదరదు సార్" అంటే మీ ఆలోచన బాగాలేదని కాదు, ఆయన లెక్క కుదరలేదని. సంక్రాంతి వెళ్ళాక, పని పలచబడే రోజుల్లో మళ్ళీ అడిగి చూడండి. అప్పుడూ కాదంటే మీరే చేసుకోండి.

అమరావతి_రోడ్డు (గుంటూరు)

కళాకారుల గురించి చెప్పింది నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. కుంచె గారి పరీక్ష కూడా న్యాయంగానే ఉంది. బళ్ళలో మాత్రం పిల్లలకి చెప్పాలన్న మాట నేను వదలను. అడిగేదాకా ఆగితే, లోకంలో ఒకటి ఉందనే తెలియనివాడు ఏమని అడుగుతాడు?

మక్కు_మాస్టారు (మొగల్రాజపురం)

బళ్ళలో చెప్పండి, కాదనడం లేదు. పదినిమిషాలు మించకుండా, ప్రతి బెంచీకి ఒక బొమ్మ చేతుల్లో తిరిగేలా. బొమ్మ పక్కన పచ్చి పొణికి ముక్క ఒకటి, సగం చెక్కినది ఒకటి, తెల్ల పూత వేసినది ఒకటి. ఈ నాలుగూ చేతులు మారితే మీరు పెద్దగా మాట్లాడక్కర్లేదు. చివరి బెంచీ కుర్రాళ్ళు చూడకుండా పక్కకి జరిపేస్తే జరపనివ్వండి.

ఉలి_చప్పుడు (పటమట)

చాలా పనికొచ్చాయి. ఇక ఆచరణలోకి దిగుతాను. పంచడానికి చిన్న చిలకలే చెయ్యాలని నిర్ణయం. మాస్టారూ, పొణికి గారూ, చిలక ముక్కు అతుకు దగ్గర మక్కు పగలకుండా, పైన తెల్ల పూత పొరలుగా లేవకుండా కొలతలు ఒకచోట చెప్పగలరా? ఇచ్చిన నెలకే రంగు రాలితే తీసుకున్నవాళ్ళకి అది ఇంకో ఇబ్బంది.

పొణికి (ఇబ్రహీంపట్నం)

చెక్క బాగా ఎండి ఉండాలి, ముందు మాట అది. పచ్చి చెక్క మీద ఏం చేసినా పగులుతుంది. తూకం వేసి రాసుకోండి, వారం తర్వాత మళ్ళీ వెయ్యండి. బరువు తగ్గుతుంటే ఇంకా చెమ్మ ఉన్నట్టే.

ముక్కుని ఒట్టి జిగురుతో నిలబెట్టొద్దు. అగ్గిపుల్ల మందాన వెదురు పుల్ల చెక్కి, అటు పావు అంగుళం, ఇటు పావు అంగుళం దిగేలా రంధ్రాలు చేసి జిగురుతో బిగించండి. అతుకు చుట్టూ 80 నంబరు శాండ్‌పేపరుతో గరుకు చెయ్యండి, మక్కు పట్టు దొరుకుతుంది.

జిగురుకి ఒక కప్పు చింతగింజల పిండి, ఆరు కప్పుల నీళ్ళు. పిండిని ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి అప్పుడు పొయ్యి మీద పెట్టండి. వేడినీళ్ళలో పొయ్యకండి, ఉండ కడుతుంది. సన్నసెగ మీద ఇరవై నిమిషాలు కలుపుతూ ఉండాలి. గరిటె నుంచి తీగలా జారితే చాలు. చల్లారాక ఒక వంతు జిగురుకి రెండు వంతుల జల్లించిన పొట్టు. చపాతీ పిండిలా ఉండాలి, వేళ్ళకి అంటుకుంటే ఇంకాస్త పొట్టు వెయ్యండి.

మక్కు పగలడానికి కారణం రెండింట్లో ఒకటి. జిగురు ఎక్కువై ఆరేటప్పుడు కుంచించుకుపోవడం, లేదా మందంగా పెట్టి ఎండలో ఆరబెట్టడం. మన ఎండకి పైపొర గట్టిపడుతుంది, లోపల తడి ఉంటుంది, తర్వాత లోపల కుంచించుకున్నప్పుడు పైపొర చీలుతుంది. రెండు మిల్లీమీటర్లు మించకుండా పెట్టి, నీడలో గాలి తగిలేచోట ఒక రోజు ఉంచండి. కావాలంటే మర్నాడు రెండో పొర.

మక్కు_మాస్టారు (మొగల్రాజపురం)

పూత నేను చెబుతాను. సున్నమైతే రాత్రంతా నానిన తేట సున్నాన్ని గుడ్డలో వడగట్టి, పాలకన్నా కాస్త చిక్కగా చేసుకుని, తుమ్మజిగురు నీళ్ళు కలపండి. జిగురు లేకపోతే వేలికి తెల్లగా అంటుకుంటుంది. పలచగా రెండు పూతలు, మధ్యలో ఒక పూట ఆరనివ్వాలి. ఒకే పూత మందంగా వేస్తే పెంకులా లేస్తుంది. పూతకి ముందు బొమ్మని పొడి గుడ్డతో తుడవండి, చేతి జిడ్డు ఉన్నచోట పూత పట్టదు.

సున్నం మీద వెంటనే ఎనామిల్ వద్దు. పచ్చి సున్నంలో క్షారం ఉంటుంది. అది రంగులోని నూనెని సబ్బుగా మార్చేస్తుంది, అప్పుడు రంగు పొరగా ఊడొస్తుంది. నెలకే రాలిందని చాలామంది రంగు డబ్బాని తిట్టుకునేది ఇందుకే. పది రోజులు ఆగండి, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. అంత ఓపిక లేనప్పుడు సుద్దపొడి మూడు వంతులు, ఫెవికాల్ ఒక వంతు, చాలినన్ని నీళ్ళు కలిపి పూసి, మర్నాడు 220తో నునుపు చేసి అక్రిలిక్ వెయ్యండి.

సత్యనారాయణపురం_పిన్ని

చిలకకి కాళ్ళ దగ్గర చిన్న చెక్క బిళ్ళ అతికించండి నాయనా, అంగుళంన్నర వెడల్పున. లేకపోతే షోకేసు తలుపు తీసిన ప్రతిసారీ పడిపోతుంది. అడుగున వెల్వెట్ ముక్క అంటిస్తే అద్దం మీద గీతలు పడవు.